ఇండియన్ సీటు తీసి వెస్టర్న్ కమోడ్ స్వయంగా అమర్చుకోవడం: ముందు చూడవలసింది వెనుక గోడను

తిరుపతి కొర్లగుంటలో దాదాపు ముప్పై ఏళ్ళ కిందట కట్టిన ఇంటి కింది భాగంలో, ఆరంగుళాల గట్టు మీద ఇండియన్ సీటు ఉన్నదనీ, మీ అమ్మగారికి మోకాళ్ళు వంగక దాని మీద కూర్చోలేకపోతున్నారనీ రాశారు. ప్లంబరు వచ్చి చూసి గది నేలంతా పగలగొట్టాలని చెప్పాడు. మీకు తెలిసిన ఒకరేమో పాత రంధ్రం మీదే కమోడ్ కూర్చోబెట్టి చుట్టూ తెల్ల సిమెంటు పూస్తే ఒక పూటలో పని అయిపోతుందన్నారు. ఇద్దరిలో ఎవరి మాట నమ్మాలి, ఈ పనిని మీరే చేసుకోవచ్చా అన్నది మీ ప్రశ్న. రెండవ సలహా పూర్తిగా తప్పు. ప్లంబరు చెప్పినది ఒక పద్ధతికి మాత్రమే వర్తిస్తుంది. మీ మరుగుదొడ్డి వెనుక గోడ బయటి గోడ అయి, దానికి అవతల మీ స్థలంలోనే ఛాంబర్ (మురుగు గొట్టాలు కలిసే, మూత ఉన్న గుంట) ఉన్నట్లయితే, నేల కింది గొట్టాల జోలికి దాదాపుగా వెళ్ళకుండానే, ఒక మనిషి సహాయంతో ఈ పని మీరు చేసుకోగలరు. చిత్తూరు, తిరుపతి ప్రాంతాల ఇళ్ళ పనుల్లో చాలాకాలంగా ఉన్నవాడిగా ఈ మాట ధైర్యంగానే చెబుతున్నాను.

పాత రంధ్రం మీద కమోడ్ ఎందుకు పెట్టకూడదో ముందు చెప్పాలి, ఎందుకంటే ఈ సలహా విని డబ్బు పోగొట్టుకొన్న ఇళ్ళు తక్కువేమీ కాదు. ఇండియన్ సీటులో వాసనను ఆపే వంపు సీటులో ఉండదు. దాని అడుగున, గట్టు లోపల, విడిగా ఒక ట్రాప్ బిగించి ఉంటుంది. ఆ ట్రాప్‌లో ఎప్పుడూ కనీసం 50 మి.మీ. లోతు నీరు నిలిచి ఉండి, గొట్టంలోని దుర్గంధాన్ని గదిలోకి రానివ్వదు. వెస్టర్న్ కమోడ్‌లో అదే వంపు పింగాణీలోనే కలిపి పోతపోసి ఉంటుంది. సీటు మాత్రం తీసేసి, కింది ట్రాప్‌ను వదిలేసి, దాని మీద కమోడ్ పెడితే ఒకే దారిలో రెండు నీటి అడ్డుకట్టలు ఏర్పడతాయి. ఆ రెండింటి నడుమ చిక్కుకొన్న గాలికి బయటికి పోయే దారి ఉండదు. ఫ్లష్ నొక్కినప్పుడు నీరు గిన్నెలో పైకి లేచి, గుడగుడలాడి, మెల్లగా దిగుతుంది. ఇప్పటి కమోడ్లు పెద్ద ఫ్లష్‌కు 6 లీటర్లు, చిన్న ఫ్లష్‌కు 3 లీటర్లు మాత్రమే వాడతాయి; ఆ 6 లీటర్లు ఒక వంపును దాటించడానికి సరిపోయేలా తయారైనవి, రెండు వంపులకు చాలవు. మలం రెండు వంపుల మధ్య ఆగిపోతుంది, కొద్దికాలానికే గొట్టం మూసుకుపోతుంది, అప్పుడు కమోడ్‌ను పెకలించాలంటే చుట్టూ బిగుసుకొన్న తెల్ల సిమెంటుతో పాటు పింగాణీ కూడా పగులుతుంది. కాబట్టి కమోడ్ ఏ పద్ధతిలో పెట్టినా పాత ట్రాప్‌తో దానికి సంబంధం ఉండకూడదు.

మీ ప్లంబరు మనసులో ఉన్నది ఎస్ ట్రాప్ కమోడ్. దానిలో మలం బయటికి పోయే మూతి అడుగున నేలలోకి దిగుతుంది. మన దుకాణాల్లో దొరికే ఎస్ ట్రాప్ రకాల్లో పూర్తయిన గోడ నుంచి రంధ్రం మధ్య వరకు దూరం సాధారణంగా 100, 220 లేదా 225, 300 మి.మీ. ఉంటుంది, వీటినే నాలుగు, తొమ్మిది, పన్నెండు అంగుళాల కమోడ్లంటారు. మీ పాత సీటు గొట్టం వీటిలో ఏ దూరానికీ సరిగ్గా కలవదు. అందువల్ల గట్టు పగలగొట్టి, సీటునూ ట్రాప్‌నూ తీసి, గొట్టాన్ని నేల కింద జరిపి, బెండు (వంపు ముక్క) వేసి పైకి లేపాలి. గట్టును కూడా తీసేస్తే పాత గొట్టం నేల మట్టానికి మరీ దగ్గరగా తేలి, బెండుకు చోటు చాలకపోవడం కూడా జరుగుతుంది. ముప్పై ఏళ్ళ నాటి ఇంట్లో ఆ గొట్టం పీవీసీదే అయి ఉంటుందన్న నమ్మకం లేదు. పింగాణీ పూత పూసిన మట్టి గొట్టమైతే ఉలి దెబ్బకు ఎక్కడ బీట వారుతుందో పైకి కనిపించదు. ఈ పని అనుభవమున్న బేల్దారికీ ప్లంబరుకూ వదిలేయవలసినదే.

నేను చెప్పే మార్గం పీ ట్రాప్ కమోడ్. దాని మూతి నేలలోకి దిగదు, వెనక్కు, గోడ వైపు ఉంటుంది. పూర్తయిన నేల నుంచి దాని మధ్య ఎత్తు ఎక్కువ రకాలకు 180 లేదా 185 మి.మీ. ఉంటుంది. గోడకు ఆ ఎత్తున ఒక రంధ్రం వేస్తే, గొట్టం గోడ దాటి బయటికి వెళ్ళి, అక్కడ కిందికి దిగి ఛాంబర్‌లో కలుస్తుంది. అన్ని అతుకులూ కంటికి కనిపిస్తాయి, రేపు ఎక్కడైనా కారితే నేల తవ్వనక్కరలేదు. కింది అంతస్తులో, బయటి గోడ ఉన్న మరుగుదొడ్డికి దీనికంటే తేలికైన మార్గం నాకు తెలియదు. అయినా మన ఊళ్ళో ప్లంబర్లు దీన్ని అరుదుగా సూచిస్తారు. గోడ బయట గొట్టం కనిపించడం ఇంటివారికి ఇష్టం ఉండదన్నది వారు చెప్పే కారణం. మోకాళ్ళ నొప్పి ఉన్న మనిషి ఇంట్లో ఉన్నప్పుడు సందులో కనిపించే నాలుగు అంగుళాల గొట్టం అంత పెద్ద లోపమని నేననుకోను.

వెనుక గోడ అవతల పక్కింటివారి స్థలం ఉన్నా, వంటగది ఉన్నా ఈ మార్గం కుదరదు. పక్క గోడ బయటిదైతే కొన్ని కమోడ్లకు పక్క నుంచి గొట్టం తీసే అవకాశం ఉంటుంది కానీ, వంపు పెరిగేకొద్దీ అడ్డుపడే అవకాశమూ పెరుగుతుంది. మేడ మీద మరుగుదొడ్డి అయితే మీరు ఏ భాగమూ స్వయంగా చేయవద్దు. అక్కడ గొట్టాలు పల్లపు స్లాబులో, అంటే గది నేల కంటే కిందకు దించి పోసిన స్లాబులో ఉంటాయి, నీరు దిగకుండా వేసిన పూతకు ఒక్క చోట గాయమైనా కింది గది పైకప్పు చెమ్మగిల్లుతుంది.

ఇక కొనుగోలుకు వెళ్ళే ముందే చేయవలసిన పరీక్ష ఒకటి ఉన్నది. ఛాంబర్ మూత తీసి కాసేపు వదిలేయండి. దగ్గర బీడీ, అగ్గిపుల్ల వంటివి వద్దు, తల లోపలికి వంచి చూడవద్దు. తరువాత ఒకరిని ఛాంబర్ దగ్గర నిలబెట్టి, పాత సీటులో రెండు పెద్ద బక్కెట్ల నీళ్ళు ఒకేసారి కుమ్మరించండి. నీరు ఛాంబర్‌లోకి గబగబా వచ్చి, అక్కడ నిలవకుండా ముందుకు వెళ్ళిపోతే మీ దారి బాగున్నట్టు. ఛాంబర్‌లోనే మట్టం పెరిగి మెల్లగా దిగితే, అడ్డంకి ఛాంబర్‌కు అవతల, అంటే సెప్టిక్ ట్యాంకులోనో వీధి డ్రైనేజీ గొట్టంలోనో ఉన్నది. కొత్త కమోడ్ దాన్ని బాగుచేయదు. ముందు ట్యాంకును యంత్రంతో ఖాళీ చేయించండి. ట్యాంకులోకి గానీ లోతైన ఛాంబర్‌లోకి గానీ మీరు దిగవద్దు, డబ్బిచ్చి ఎవరినీ దింపవద్దు. అక్కడ చేరే హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువును ఎక్కువ మోతాదులో పీల్చినవారి ముక్కు ముందుగా వాసన పసిగట్టే శక్తిని కోల్పోతుంది, ఆ తరువాత స్పృహ పోతుంది. ఒకరి కోసం మరొకరు దిగి ఇద్దరూ పోయిన సంఘటనలు ఏటా వింటూనే ఉన్నాం. రక్షణ సామగ్రి లేకుండా మనిషిని అలా దింపడం 2013 నాటి చట్టం ప్రకారం నేరం కూడా.

అదే సమయంలో వాటం (గొట్టం వాలు) లెక్క చూసుకోండి. నాలుగు అంగుళాల మల గొట్టానికి నలభైకి ఒకటి వాటం మంచిది, అంటే పది అడుగుల పొడవుకు మూడు అంగుళాల దిగుదల. గోడ నుంచి ఛాంబర్ పన్నెండు అడుగుల దూరంలో ఉంటే గొట్టం మూడున్నర అంగుళాల పైచిలుకు దిగాలి. ఛాంబర్ అడుగున ఉన్న కాలువ, గోడ దగ్గర మీ గొట్టం వంపు తిరిగే చోటు కంటే ఆ మేరకు కిందకు ఉన్నదా లేదా అన్నది నీళ్ళు నింపిన సన్నని పారదర్శక గొట్టంతో రెండు కొసలా మట్టం గుర్తు పెట్టి కొలిస్తే తెలుస్తుంది. వాటం ఎంత ఎక్కువైతే అంత మంచిదని కొందరనుకొంటారు. మరీ నిటారుగా పెడితే నీరు పరుగెత్తిపోయి గట్టి పదార్థం వెనుకబడుతుంది.

కమోడ్ ఎంపికలో మీ అమ్మగారి అవసరమే ప్రధానం కావాలి. మామూలు కమోడ్ గిన్నె అంచు ఎత్తు 390, 400 మి.మీ. ప్రాంతంలో ఉంటుంది. మోకాళ్ళు నొప్పిగా ఉన్నవారికి సీటు కవరుతో కలిపి 430 నుంచి 450 మి.మీ. ఎత్తు ఉన్న రకం లేవడానికి సులభం. అయితే పొట్టిగా ఉన్నవారికి అంత ఎత్తులో పాదాలు నేలను ఆనవు, తొడల కింద ఒత్తుకుపోతుంది. ఆవిడను ఇంట్లో వేర్వేరు ఎత్తుల కుర్చీల మీద కూర్చోబెట్టి, చేతి ఊతం లేకుండా దేని మీద నుంచి లేవగలుగుతున్నారో చూసి, ఆ ఎత్తు కొలుచుకొని దుకాణానికి వెళ్ళండి. గోడకు వేలాడే రకం వద్దు. దానికి గోడలో ఇనుప చట్రం, దాచిపెట్టిన ట్యాంకు కావాలి, అది స్వయంగా చేసుకొనే పని కాదు. ఒకే ముక్కగా వచ్చే వన్‌పీస్ చూపుకు బాగుంటుంది గానీ బరువెక్కువ, ఇద్దరు మనుషులున్నా ఇరుకు గదిలో తిప్పడం కష్టం. గిన్నె వేరు, ట్యాంకు వేరుగా ఉండే టూపీస్ మీకు నప్పుతుంది. రెండు విధాలా వాడుకోవచ్చంటూ ఆంగ్లో ఇండియన్ రకం అంటగట్టాలని చూస్తారు, దాని వెడల్పు అంచులు కూర్చొనేవారికి సుఖంగా ఉండవు.

రేణిగుంట రోడ్డు వైపు టైల్స్, శానిటరీ దుకాణాలు వరుసగా ఉన్నాయి, నాలుగైదు తిరిగి చూడవచ్చు. పెట్టె విప్పించి, కమోడ్‌ను సమమైన నేల మీద పెట్టించి, అటూ ఇటూ ఊపి చూడండి. పింగాణీ కొలిమిలో కాలేటప్పుడు కొద్దిగా వంకర తిరగడం మామూలే. నాలుగు వైపులా ఆనకుండా ఊగే ముక్కను తీసుకోవద్దు. వేలి కణుపుతో తట్టితే ఖంగుమని మోగాలి, బొంగురుగా పలికితే ఎక్కడో కంటికి కనబడని బీట ఉన్నట్టు. దానితో పాటు పాన్ కనెక్టరు (కమోడ్ మూతిని గొట్టానికి కలిపే ముక్క), నేలకు బిగించే బోల్టులు, సీటు కవరు, యాంగిల్ కాక్ (గోడ దగ్గర నీటిని ఆపే చిన్న కుళాయి), కనెక్షన్ పైపు, హెల్త్ ఫాసెట్ (కడుక్కోవడానికి వాడే చేతి జెట్) తెచ్చుకోవాలి. గొట్టం విషయంలో ఒక్క జాగ్రత్త: మలం, మురుగునీరు, వాననీటి కోసం చేసే ఎస్‌డబ్ల్యూఆర్ గొట్టాల్లో ‘ఏ’ (A) రకం, ‘బీ’ (B) రకం అని రెండుంటాయి. ‘ఏ’ రకం వాననీటికీ గాలి గొట్టానికీ పనికివచ్చే పలచనిది. మలానికి వాడవలసింది ‘బీ’ రకం, 110 మి.మీ. (నాలుగు అంగుళాల) గొట్టం; దాని మీద ఆ అక్షరమూ, ఐఎస్ 13592 అన్న సంఖ్యా ముద్రించి ఉంటాయి, చదివి తీసుకోండి.

కమోడ్ ఇంటికి వచ్చిన తరువాతనే గోడకు రంధ్రం వేయాలి. కాగితం మీది కొలతకూ చేతికి వచ్చిన ముక్కకూ అయిదారు మిల్లీమీటర్ల తేడా రావచ్చు, పీ ట్రాప్ దగ్గర ఆ తేడాయే అతుకును కార్చేది.

ముందు గట్టు పని. గట్టు మీద కమోడ్ పెట్టే ఆలోచన ఉంటే మానుకోండి, మోకాళ్ళ నొప్పి ఉన్నవారికి ఆ ఒక్క మెట్టే ప్రమాదం. సీటు చుట్టూ ఉన్న భాగాన్ని సుత్తి, ఉలితో నెమ్మదిగా విప్పండి. కళ్ళద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి, ఎందుకంటే పగిలిన పింగాణీ గాజు పెంకు లాగే కోస్తుంది. మీ గదిలో కడప బండలు ఉన్నాయని రాశారు. అవి పొరలు పొరలుగా లేచే రాయి. వాటిని సుత్తితో కొడితే అవసరం లేని చోట కూడా పొర ఊడి వస్తుంది, అందుచేత గట్టు అంచు వెంబడి రాయి కోసే చక్రం బిగించిన గ్రైండరుతో ముందు గాటు పెట్టుకొని, ఆ గాటు వరకే పగలగొట్టండి. సీటునూ ట్రాప్‌నూ తీసేశాక మిగిలిన పాత గొట్టం కొసను తప్పకుండా మూయాలి. పీవీసీ అయితే దానికి సరిపోయే మూత అతికించవచ్చు. మట్టి గొట్టమైతే లోపల ఇటుక ముక్క దోపి సిమెంటు మోర్టారుతో బిగించాలి. ఛాంబర్ వైపున కూడా ఆ రంధ్రాన్ని పూడ్చండి. ఇక్కడ ఉపేక్షిస్తే రెండు బాధలు వస్తాయి. గచ్చు సందుల్లోంచి వాసన రావడం ఒకటి, ఆ గొట్టంలోకి పందికొక్కులు చేరి గట్టు కింది మట్టిని తోడేయడం రెండోది.

గుంటను ఇసుక, ఇటుక ముక్కలతో పూడ్చి, తడిపి, దిమ్మిసతో బాగా కొట్టి, పైన నాలుగు అంగుళాల కాంక్రీటు వేసి, జారని రకం టైల్స్ పరవాలి. కాంక్రీటు, టైల్స్ మీకు అలవాటు లేకపోతే ఒక బేల్దారిని రెండు రోజులకు పిలిపించుకోవడం మేలు; ఇందులో మీరు ఆదా చేసేది తక్కువ, చెడగొట్టగలిగేది ఎక్కువ. ఆయనకు ఒక మాట మాత్రం గట్టిగా చెప్పండి: గది నేలంతా నీళ్ళు పోయే జాలి వైపు వాటంగా ఉండాలి, కమోడ్ కూర్చొనే చోటు మాత్రం సమంగా ఉండాలి. రసమట్టం పెట్టి మీరే చూసుకోండి. కమోడ్ మధ్యగీత నుంచి పక్క గోడకు కనీసం పదిహేను అంగుళాలు, ముందు భాగాన రెండు అడుగుల చోటు మిగలాలి. తలుపు లోపలికి తెరుచుకొనేదైతే ఈ సందర్భంలోనే బయటికి తెరుచుకొనేలా మార్పించండి. లోపల ఎవరైనా పడిపోతే, వారి శరీరమే అడ్డుగా ఉన్న తలుపును బయట నుంచి తోయడం ఎంత కష్టమో ఊహించుకోండి. కూర్చొన్నప్పుడు చేతికందే ఎత్తులో స్టీలు కడ్డీ కూడా ఇప్పుడే బిగించాలి. దాని స్క్రూలు టైలుకు కాక, వెనుక ఇటుకలోకి దిగాలి.

నేల పూర్తయ్యాక కమోడ్‌ను దాని చోట నిలిపి, దాని మూతి చుట్టూ గోడ మీద పెన్సిలుతో గీయండి. 110 మి.మీ. గొట్టానికి 125, 130 మి.మీ. రంధ్రం సరిపోతుంది. గోడకు గుండ్రని రంధ్రం కోసే కోర్ కటింగు మిషను అద్దెకు దొరుకుతుంది, దానిని నడిపే మనిషితో సహా తెచ్చుకోవడం మంచిది. తొమ్మిది అంగుళాల ఇటుక గోడకు గంట పని కూడా కాదు. సుత్తి, ఉలితో చేస్తే అవతలి వైపు పూత పెచ్చులుగా రాలుతుంది. రంధ్రం బయటి వైపుకు కొద్దిగా వాలి ఉండాలి, లోపలి వైపుకు వాలితే గోడ మీద పడే వాననీరు ఇంట్లోకి వస్తుంది.

గోడ దాటిన వెంటనే గొట్టానికి ఒక టీ (మూడు దారుల అతుకు ముక్క) బిగించండి. దాని కింది దారి ఛాంబర్‌కు వెళుతుంది. పై దారికి 75 మి.మీ. గాలి గొట్టం కలిపి, ఇంటి పైకప్పు కంటే రెండు అడుగులు ఎత్తుగా లేపి, జాలి మూత పెట్టండి. చాలా ఇళ్ళలో ఈ గాలి గొట్టాన్ని ఖర్చు అని ఎగ్గొడతారు, తరువాత ఫ్లష్ కొట్టినప్పుడల్లా గది నేల మీది నీళ్ళు పోయే నహానీ ట్రాప్‌లోని నీరు పీల్చుకుపోయి గది వాసన కొడుతుందని బాధపడతారు. కింద మలుపు తిరిగే చోట మూత విప్పదగిన డోర్ బెండు వాడితే, ఎప్పుడైనా అడ్డుపడినప్పుడు అక్కడి నుంచి వెదురు బద్ద గానీ స్ప్రింగు తీగ గానీ పంపవచ్చు. రబ్బరు వాషరు ఉన్న అతుకులకు సబ్బు నీళ్ళు రాసి తోయాలి, నూనె, గ్రీజు రాస్తే రబ్బరు ఉబ్బి చెడిపోతుంది. ఎండకు పీవీసీ పెళుసెక్కుతుంది కనుక, మన ఎండలకు బయటి గొట్టానికి రంగు వేయడం అలంకారం కోసం కాదు. గోడకు క్లాంపులు వేసి, రంధ్రం చుట్టూ సందును మోర్టారుతో నింపండి.

ఇప్పుడు కమోడ్ బిగింపు. కనెక్టరును కమోడ్ మూతికి తొడిగి, కమోడ్‌ను గోడ వైపు నెమ్మదిగా జరిపి, గొట్టంలోకి నిటారుగా చొప్పించండి. బోల్టు రంధ్రాల గుర్తులు నేల మీద పెట్టుకొని, కమోడ్‌ను వెనక్కు తీసి, డ్రిల్లింగు చేయండి. టైలు పొర దాటే దాకా డ్రిల్లును సుత్తి దెబ్బ లేని మీట మీద ఉంచాలి. కమోడ్‌ను మళ్ళీ కూర్చోబెట్టి రెండు వైపులా బోల్టులను మార్చి మార్చి, పావు చుట్టు చొప్పున బిగించండి. కమోడ్ కదలడం మానిన చోట ఆపేయాలి. ఇంకొంచెం బిగిద్దామనుకొన్న ఆ చివరి తిప్పుకే పింగాణీ చిట్లుతుంది.

అడుగున తెల్ల సిమెంటు నింపే అలవాటు మన దగ్గర బాగా పాతుకుపోయింది. నేను దానికి వ్యతిరేకిని. సిమెంటు పట్టుకొన్న కమోడ్‌ను పగలకుండా తీయడం దాదాపు అసాధ్యం, పైగా కింద ఎక్కడైనా నీరు కారుతుంటే అది బయటికి రాకుండా దాచిపెడుతుంది. చుట్టూ సన్నగా సిలికాన్ పూసి, వెనుక వైపు రెండు అంగుళాల మేర ఖాళీ వదలండి. అతుకు ఎప్పుడైనా కారితే ఆ ఖాళీ నుంచి తడి కనిపించి మీకు కబురు అందుతుంది. సిలికాన్ పూశాక ఒక రోజంతా దాన్ని వాడవద్దు.

ట్యాంకును గిన్నె మీద పెట్టేటప్పుడు మధ్యనున్న రబ్బరు వాషరు మడత పడకుండా చూడండి. యాంగిల్ కాక్ మరలకు టెఫ్లాన్ టేపును మరలు తిరిగే దిశలోనే చుట్టాలి, ఎదురు దిశలో చుడితే బిగించేటప్పుడు ఊడివస్తుంది. కాక్ బిగించే ముందు నీళ్ళు వదిలి గొట్టంలోని ఇసుక, పీవీసీ పొట్టు బయటికి పోనివ్వండి. టూ-వే యాంగిల్ కాక్ అయితే ట్యాంకుకు ఒకటి, హెల్త్ ఫాసెట్‌కు ఒకటి విడివిడిగా కట్టుకోవచ్చు. హెల్త్ ఫాసెట్ వాడిన ప్రతిసారీ కాక్ మూయడం ఇంట్లో అందరికీ అలవాటు చేయండి. ఆ సన్నని గొట్టం ఎల్లకాలం ఒత్తిడి తట్టుకోదు, రాత్రిపూట పగిలితే పైట్యాంకు మొత్తం ఖాళీ అవుతుంది. ట్యాంకులో నీటి మట్టం పొర్లు గొట్టం అంచుకు అంగుళం కిందుగా ఆగేలా తేలుడు బిళ్ళను సరిచేయండి.

తిరుపతిలో చాలా ఇళ్ళు తెలుగుగంగ, కళ్యాణి డ్యాం నీళ్ళు వచ్చినప్పుడు సంపు నింపుకొని, చాలకపోతే బోరు నీళ్ళు వాడుకొంటాయి. బోరు నీటిలోని సున్నం ట్యాంకు లోపలి వాల్వుల మీద పేరుకొని, ఫ్లష్ ఆగకుండా సన్నగా కారుతూ ఉండడానికి కారణమవుతుంది. సమస్య రాకముందే, రెండు మూడు నెలలకొకసారి నిమ్మ ఉప్పు కలిపిన గోరువెచ్చని నీటిలో వాల్వు జాలిని నానబెట్టి కడిగితే చాలు. బజారులో సీసాల్లో దొరికే యాసిడ్ వాడవద్దు. అది యాంగిల్ కాక్ మీది పూతను తినేస్తుంది, సెప్టిక్ ట్యాంకులో మలాన్ని కుళ్ళబెట్టే సూక్ష్మజీవులను చంపుతుంది. యాసిడ్‌తో బ్లీచింగు పౌడరు కలిస్తే వెలువడే క్లోరిన్ వాయువు, తలుపు మూసిన చిన్న గదిలో ప్రాణాంతకం కాగలదు.

పరీక్ష ఎలా చేయాలంటే, ట్యాంకులో కొద్దిగా నీలిమందు కలిపి పది నిమిషాలు ఆగి చూడండి. ఫ్లష్ నొక్కకుండానే గిన్నెలోకి రంగు దిగితే అడుగు వాషరు సరిగా కూర్చోలేదు. తరువాత వరుసగా అయిదారుసార్లు ఫ్లష్ చేసి, బయటి అతుకులన్నిటికీ పొడి కాగితం ఆనించి తడి అంటుకొంటున్నదేమో చూడండి. ఛాంబర్ దగ్గర నీరు ఆగకుండా పోతుండాలి. వారం వాడిన తరువాత బోల్టులను ఒకసారి వేలితో కదిపి చూసి, వదులైతే పావు చుట్టు బిగించండి.

పని నడిచే నాలుగైదు రోజులూ ఇంట్లో మరుగుదొడ్డి ఉండదు. మీకు ఉన్నది ఒక్కటే అయితే పక్కింటివారితో ముందే మాట్లాడుకోండి. అమ్మగారి కోసం మందుల దుకాణాల్లో దొరికే, అడుగున బక్కెట్టు ఉండే కమోడ్ కుర్చీ ఒకటి తెచ్చుకోండి. తరువాత కూడా రాత్రిపూట అది పనికివస్తుంది. తిరుపతిలో ఇల్లున్నవారికి దర్శనానికి వచ్చే చుట్టాలు ఎప్పుడూ ఉంటారు కాబట్టి బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి దగ్గరపడిన రోజుల్లో ఈ పని ఎత్తుకోవద్దు.

వానల సంగతి కూడా చూడాలి. 2021 నవంబరులో కురిసిన వానలకు నగరంలో పల్లపు వీధులు మునిగినప్పుడు డ్రైనేజీ నీరు వెనక్కు తన్ని ఇళ్ళ మరుగుదొడ్లలో నుంచి పైకి వచ్చింది. మీ ఇంటి నేల వీధి కంటే పల్లంలో ఉంటే, ఛాంబర్ నుంచి వీధి గొట్టానికి వెళ్ళే దారిలో నీటిని వెనక్కు రానివ్వని 110 మి.మీ. నాన్ రిటర్న్ వాల్వు పెట్టించుకోండి, దాని మూత విప్పి శుభ్రం చేయగలిగే చోట ఉండాలి. గట్టు తీసేస్తున్నారు కనుక మీ కొత్త నేల పాతదానికంటే ఆరంగుళాలు కిందకు వస్తుందన్న సంగతి ఇక్కడ లెక్కలోకి తీసుకోవాలి.

మీరు రాసిన దానిలో రెండు వివరాలు లేవు: వెనుక గోడ అవతల ఏమున్నది, ఆ గోడ నుంచి ఛాంబర్ ఎంత దూరం, ఎంత లోతు. కమోడ్ కొనే ముందు ఆ కొలతలూ, బక్కెట్ల పరీక్షలో నీరు ఎలా పోయిందన్నదీ రాయండి. ఛాంబర్ లోతు చాలకపోతే గొట్టాన్ని ఏ మూల నుంచి తిప్పాలో చూసి చెబుతాను.